స్టేషన్‌లో రెండు రాత్రులు ఉంచి కొట్టి పంపేశారు, కాగితం ఒక్కటీ లేదు. ఎవరికి కంప్లైంట్ చేయాలి?

చెరువుగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి నుంచి రాయడం, చెరిపేయడం, ఇదే పని. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీట్లేదు. మా తమ్ముడికి 26 ఏళ్ళు, ఒక ఫైనాన్స్ ఆఫీసులో కలెక్షన్ పని చేస్తాడు. పోయిన మంగళవారం సాయంత్రం స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది, చిన్న ఎంక్వయిరీ ఉంది ఒకసారి వచ్చి పో అన్నారు. నోటీసు లేదు ఏం లేదు. ఆఫీసులో డబ్బు తక్కువొచ్చిందని మేనేజర్ నోటిమాటగా చెప్పాడంట. వాడు తప్పు చేయలేదు కాబట్టి భయం లేకుండా బండేసుకుని వెళ్ళాడు.

రాత్రి పదైనా రాకపోయేసరికి నేనూ నాన్నా వెళ్ళాం. గేటు దగ్గర సెంట్రీ మమ్మల్ని లోపలికి పోనివ్వలేదు, మీవాడు ఇక్కడ లేడమ్మా, సారు రౌండ్స్‌లో ఉన్నారు, పొద్దున రండి అన్నాడు. కానీ వాడి బండి కాంపౌండ్‌లో వేపచెట్టు కింద మా కళ్ళ ముందే ఉంది. ఎందుకు తీశానో తెలీదు గానీ ఫోన్‌తో ఒక ఫోటో తీశాను. బుధవారం రోజంతా బయట కూర్చున్నాం, ఎవరూ మాట్లాడలేదు. గురువారం మధ్యాహ్నం వదిలారు. వదిలే ముందు రెండు తెల్ల కాగితాల మీద సంతకం, ఇంకో దాని మీద "నన్నెవరూ కొట్టలేదు, కౌన్సెలింగ్ ఇచ్చి పంపారు" అని వాడి చేతే రాయించుకున్నారు. ఇంతకీ శుక్రవారం ఆఫీసువాళ్ళు ఫోన్ చేసి ఆ డబ్బు వేరే బ్రాంచ్ లెక్కలో పడింది, సారీ అన్నారు.

అరికాళ్ళ మీద కొట్టారు. పైకి అంత కనపడదు గానీ చెప్పులు వేసుకోలేకపోతున్నాడు, పాదాల పక్కల మీద బరువేసి నడుస్తున్నాడు. ఫోన్ మోగితే చాలు ఉలిక్కిపడుతున్నాడు. నాన్న మాత్రం ఒకటే మాట, పోలీసులతో పెట్టుకుని బతకలేం, ఊరుకోండి అని. ఇవాళ శనివారం. లేటయిపోయిందా? కంప్లైంట్ ఇస్తే ఆ తెల్ల కాగితాలు అడ్డం పెట్టుకుని వీడి మీదే కేసు కడతారా? అసలు పోలీసుల మీద కంప్లైంట్ పోలీసులకే ఇవ్వాలా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

నల్లకోటు

చెల్లెమ్మా, నేను మేజిస్ట్రేట్ కోర్టులో ప్రాక్టీస్ చేస్తాను. మిగతావన్నీ తర్వాత చదువుకో, ముందు ఇవాళ రాత్రే గవర్నమెంట్ హాస్పిటల్ క్యాజువాలిటీకి తీసుకెళ్ళు. ప్రైవేటు వద్దు. ఎలా తగిలిందని డ్యూటీ డాక్టర్ అడుగుతాడు, కిందపడ్డాడని మాత్రం అననివ్వకు, స్టేషన్‌లో ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా ఉంచి లాఠీతో కొట్టారు అని వాడి నోటితోనే చెప్పించు, అది ఎమ్మెల్సీ రిజిస్టర్‌లో, అంటే పోలీసు కేసయ్యే దెబ్బలు రాసే మెడికో-లీగల్ రిజిస్టర్‌లో ఎక్కాలి. అరికాళ్ళ దెబ్బలు నాలుగైదు రోజుల్లో పైకి తగ్గిపోతాయి, అందుకే అక్కడ కొడతారు. వాపు చూసి ఎక్స్‌రే రాయమని అడుగు. ఫోటోలు తీసేటప్పుడు పక్కన ఒక స్కేలు పెట్టి తీయండి, ముఖం కనపడేలా ఒకటి, పాదాలు దగ్గరగా ఒకటి. ఒక సంగతి ముందే చెప్తున్నా, ఎమ్మెల్సీ ఇంటిమేషన్ హాస్పిటల్ ఔట్‌పోస్ట్ ద్వారా తిరిగి అదే స్టేషన్‌కి వెళ్తుంది, ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, కంగారుపడొద్దు. ఆ ఫోన్ వచ్చేలోపు కాగితం పుట్టి ఉండాలి, అంతే.

రెండోది సీసీ కెమెరా. 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో గేటు, లాకప్, వరండా, ఎస్ఐ ఇన్‌స్పెక్టర్ గదులతో సహా కెమెరాలు పెట్టాలి, మాట కూడా రికార్డవ్వాలి, ఫుటేజ్ 18 నెలలు ఉంచాలి, అంత స్టోరేజ్ దొరక్కపోతే కనీసం ఏడాది అని చెప్పింది. కానీ చాలా చోట్ల డీవీఆర్, అంటే కెమెరా రికార్డింగ్ పెట్టె, పాత ఫుటేజ్ మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది. అడిగేసరికి కెమెరా రిపేర్‌లో ఉందంటారు. 2025లో సుప్రీంకోర్టే ఈ పనిచేయని కెమెరాల సంగతి ఎవరూ అడక్కుండానే సుమోటోగా తీసుకోవాల్సి వచ్చింది. అందుకని సోమవారం పొద్దున్నే ఒక ఉత్తరం, మంగళవారం సాయంత్రం నుంచి గురువారం మధ్యాహ్నం దాకా ఉన్న ఫుటేజ్ చెరిపేయకుండా భద్రపరచండి అని, స్టేషన్ ఇన్‌ఛార్జి ఎస్‌హెచ్‌ఓకి, ఎస్పీకి, కలెక్టర్‌కి, ముగ్గురికీ రిజిస్టర్డ్ పోస్ట్‌లో పంపు. కలెక్టర్ ఎందుకంటే కెమెరాల మీద వేసిన జిల్లా కమిటీలో ఆయన కూడా ఉంటాడు. ఫుటేజ్ ఇస్తారా అంటే వెంటనే ఇవ్వరు. కానీ ఉత్తరం అందిన తర్వాత ఫుటేజ్ మాయమైతే దానికి జవాబు చెప్పాల్సింది వాళ్ళు.

ఇక నువ్వు తీసిన బండి ఫోటో. అందులో టైమూ తేదీ ఉంటాయి. ఆ ఫోన్ మార్చకు, ఆ ఫోటో వాట్సాప్‌లో ఎవరికీ పంపకు, ఒరిజినల్ అలాగే ఉంచు. "మీవాడు ఇక్కడ లేడు" అన్న మాటకి అదే ఎదురుసాక్ష్యం.

తప్పుడు కేసు సంగతి అడిగావు, లేదని అబద్ధం చెప్పను, పెట్టే అవకాశం ఉంది. అందుకే తెల్ల కాగితాల మీద బలవంతంగా సంతకాలు తీసుకున్నారన్న ముక్క నీ మొదటి పిటిషన్‌లోనే తేదీతో సహా ఉండాలి. కేసు పెట్టాక చెప్తే ఎవరూ నమ్మరు, ముందు చెప్తే ఆ కేసే అనుమానంగా కనపడుతుంది. లాయర్ ఫీజు భారమైతే 15100కి ఫోన్ చేయి, అది లీగల్ సర్వీసెస్ నంబర్, జిల్లా కోర్టులోనే వాళ్ళ ఆఫీసుంటుంది.

పాతరైటర్

అమ్మా, నేను హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను, అందులో పన్నెండేళ్ళు స్టేషన్ రైటర్‌గా చేశాను. లాయర్ గారు చెప్పినవన్నీ కరెక్టే, లోపలి సంగతి నేను కొంచెం చెప్తాను.

జనరల్ డైరీ అని ఉంటుంది, జీడీ అంటాం. స్టేషన్‌లో ఏం జరిగినా టైము వేసి అందులో ఎక్కాలి. మీ తమ్ముడి పేరు ఎక్కదు. పేరు ఎక్కితే అరెస్ట్ మెమో రాయాలి, ఇంట్లోవాళ్ళకి చెప్పాలి, డాక్టర్‌కి చూపించాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. 24 గంటల రూల్ రాజ్యాంగంలోనే ఉంది, మిగతావి 1996లో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పినవే, ఇప్పుడు సీఆర్పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో కూడా ఉన్నాయి. ఆ పదకొండు పాయింట్ల బోర్డు మా స్టేషన్ గోడ మీద కూడా ఉండేది, దాని కిందే బెంచీ వేసి ఇలా నోటిమాటతో పిలిపించిన వాళ్ళని కూర్చోబెట్టేవాళ్ళం. మనిషి రికార్డులో లేకపోతే ఏ రూలూ వర్తించదు, ఈ పద్ధతి మొత్తం దాని మీదే నడుస్తుంది. రేపు ఎంక్వయిరీలో మొదటి జవాబు ఏంటో తెలుసా, "జీడీలో ఎంట్రీ లేదు, ఆ వ్యక్తి స్టేషన్‌కే రాలేదు" అని. కానీ మీ విషయంలో వాళ్ళే "కౌన్సెలింగ్ ఇచ్చి పంపారు" అని రాయించుకున్నారు కదా, అది బయటపెడితే వచ్చాడని ఒప్పుకున్నట్టే, అది గుర్తుపెట్టుకోండి.

జీడీలో లేకపోయినా మనిషి అక్కడున్నట్టు చెప్పేవి వేరే ఉంటాయి. సెంట్రీ డ్యూటీ ఎవరిదో రోస్టర్‌లో ఉంటుంది. పిలిచిన ఫోన్ నంబర్ మీవాడి ఫోన్‌లో ఉంటుంది, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆ రెండు రోజులు వాడి ఫోన్ ఆన్‌లో ఉంటే ఏ టవర్ కింద ఉందో కంపెనీ దగ్గర ఉంటుంది, 2021లో రూల్ మార్చి కాల్ రికార్డులు రెండేళ్ళ దాకా ఉంచాలన్నారు, కోర్టు ద్వారా తెప్పించొచ్చు. కెమెరా పనిచేయలేదన్నా టవర్ పనిచేయలేదనలేరు.

ఎస్పీ గారికి పిటిషన్ ఇస్తే ఏమవుతుందో కూడా చెప్తా. అది "ఎంక్వయిరీ చేసి రిపోర్ట్ పంపండి" అని డీఎస్పీకి వస్తుంది. ఆ స్టేషన్ మీద రోజువారీ సూపర్‌విజన్ ఆ డీఎస్పీదే, తప్పు జరిగిందని రాస్తే తను సరిగ్గా చూసుకోలేదని తన చేత్తోనే రాసినట్టు అవుతుంది. ఆయన ఎస్‌హెచ్‌ఓని ఎక్స్‌ప్లనేషన్ అడుగుతాడు, ఆ ఎక్స్‌ప్లనేషన్ రాసేది నాలాంటి రైటరే, చాలా రాశాను. తర్వాత మిమ్మల్ని ఆఫీసుకి పిలిచి, కుర్చీ వేసి, ఏమ్మా కుర్రాడి ఉద్యోగం చూసుకోండి, ఇవన్నీ ఎందుకు అంటారు. మీరు సరే అని సంతకం పెడితే పిటిషనర్ సంతృప్తి చెందారు అని క్లోజ్. ఎక్కువ గోల అయితే ఎస్ఐని వీఆర్‌కి, అంటే పోస్టింగ్ లేకుండా వెయిటింగ్‌కి పంపుతారు, పేపర్లో వస్తుంది, నాలుగు నెలలకి ఇంకో స్టేషన్‌లో పోస్టింగ్. వీఆర్ అంటే శిక్ష కాదమ్మా, జనం అదే శిక్ష అనుకుంటారు.

ఎందుకు కొడతారని మీరు అడగలేదు కానీ చెప్పాలనిపిస్తోంది. నెలకోసారి క్రైమ్ రివ్యూ మీటింగ్, అందులో రికవరీ ఎంత డిటెక్షన్ ఎంత అని నిలబెట్టి అడుగుతారు. ఆఫీసు లెక్కలు తెప్పించి చూస్తే మూడు రోజులు పడుతుంది, బ్యాంక్ నుంచి స్టేట్‌మెంట్ రావాలంటే లెటర్ పెట్టాలి. కొడితే ఒక రాత్రిలో తేలిపోతుందని నమ్మకం. మీ తమ్ముడి విషయంలో ఆ డబ్బు బ్రాంచ్ లెక్కలోనే దొరికింది కదా, ఒక్క ఫోన్ చేసి పుస్తకాలు తెప్పిస్తే సరిపోయేది. నేను ఎవరినీ కొట్టలేదు. కానీ ఆ రాత్రుల్లో బయట బల్ల మీద రికార్డు రాసుకుంటూ కూర్చున్నవాడిని, లోపల కేకలు వినపడేవి, తల ఎత్తేవాణ్ణి కాదు. 2020లో తమిళనాడు సాత్తాన్‌కుళం స్టేషన్‌లో కొట్టిన దెబ్బలకి తండ్రీకొడుకులు చనిపోయినప్పుడు ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్ మేజిస్ట్రేట్ ముందు రాత్రంతా కొట్టారు అని చెప్పింది. తనూ నా ర్యాంకే. ఆవిడ గురించి చదివిన రోజు నాకు అన్నం తినబుద్ధి కాలేదు.

తూర్పుగాలి

పైన పెద్దాయన చెప్పినట్టే మాకు జరిగింది, అక్షరం తేడా లేదు. మా బావమరిదిని 2017లో కొట్టారు, చెయ్యి విరిగింది. ఎస్పీ ఆఫీసుకి వెళ్ళాం, డీఎస్పీ పిలిచారు, మేం సంతకం పెట్టలేదు. ఆ తర్వాత ఆర్నెల్లు మా వీధిలో రోజూ రాత్రి బ్లూకోల్ట్స్ పోలీసు గస్తీ బండి మా ఇంటి ముందే ఆగేది, ఏమీ అనేవాళ్ళు కాదు, ఐదు నిమిషాలు ఆగి హారన్ కొట్టి వెళ్ళేవాళ్ళు. దానికే మా అత్తకి బీపీ పెరిగిపోయింది. ఇవి ముందే తెలిసి దిగాలి అక్కా, అందుకే చెప్తున్నా.

మేం చేసిన తప్పు ఏంటంటే ఏడాదిన్నర డిపార్ట్‌మెంట్ ఎంక్వయిరీ మీదే ఆశ పెట్టుకున్నాం. డిపార్ట్‌మెంట్ ఎంక్వయిరీ వేరు, క్రిమినల్ కేసు వేరు. మొదటి దాంట్లో మా కేసులో చివరికి తేలింది ఒక ఇంక్రిమెంట్ కట్. చెయ్యి విరిగిన మనిషికి అదా న్యాయం? చివరికి ఒక లాయర్ చెప్తే పోలీసుల ద్వారా కాకుండా నేరుగా మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేట్ కంప్లైంట్ వేశాం, అప్పటికి ఫుటేజ్ లేదు, డాక్టర్ ట్రాన్స్‌ఫర్ అయిపోయాడు, సాక్షిగా వస్తానన్న టీ కొట్టు ఆయన నాకు తెలీదు బాబూ అన్నాడు. ఆయన్ని తప్పు పట్టను, ఆయన అదే సెంటర్‌లో బతకాలి. కేసు ఇంకా నడుస్తోంది. కానీ హైకోర్టులో రిట్ వేస్తే నష్టపరిహారం ఇప్పించారు, నీలాబతి బెహరా కేసు అని 1993ది ఉందంట, ప్రభుత్వ మనుషులు హక్కులు కాలరాస్తే ప్రభుత్వమే డబ్బు కట్టాలని. డబ్బు గురించి కాదు, ఆ ఆర్డర్ కాపీలో "కస్టడీలో కొట్టారు" అని కోర్టు రాసింది చూడండి, మా బావమరిది ఆ పేజీ జిరాక్స్ తీయించి దాచుకున్నాడు.

రోడ్డువైపు ఇల్లు

బాధగానే ఉంది కానీ ఒక్క మాట. పోలీసులు కొంచెం గట్టిగా లేకపోతే దొంగలు మన నెత్తినెక్కి కూర్చుంటారు. 2019లో షాద్‌నగర్ దగ్గర దిశ కేసు నిందితుల ఎన్‌కౌంటర్ అయినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు, నేను కూడా సంతోషపడ్డా. కోర్టుల్లో ఏళ్ళ తరబడి సాగదీస్తే ఇదే కదా గతి. ఈవిడ తమ్ముడి విషయంలో పొరపాటు జరిగింది, అందుకని అందర్నీ ఒకే గాటన కట్టకండి.

నల్లకోటు

రోడ్డువైపు ఇల్లు గారూ, మీరు మనసులో ఉన్నది చెప్పారు, చాలామంది అనుకునేదే. కానీ ఆ ఎన్‌కౌంటర్ మీద సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ 2022లో రిపోర్ట్ ఇచ్చింది, కావాలనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలని, చనిపోయినవాళ్ళలో ముగ్గురు మైనర్లని రాసింది. పూలు చల్లిన రోజు ఎంతమంది వచ్చారు, రిపోర్ట్ వచ్చిన రోజు ఎంతమంది చదివారు? ఆ కేసు తర్వాత ఇన్నేళ్ళయింది, విచారణ మొదలవ్వడానికే ఎంత కష్టపడాల్సి వస్తోందో చూస్తున్నాం. విచారణ లేకుండా శిక్ష వేయొచ్చు అని ఒకసారి మనం చప్పట్లు కొట్టాక, చెరువుగట్టు గారి తమ్ముడు దొంగ కాదని ఆ రాత్రి ఎస్ఐకి ఎవరు చెప్పాలి? అతనూ వీడే దొంగని ఖాయంగా తెలుసనుకునే కదా కొట్టాడు.

ఇప్పుడు చెల్లెమ్మ అడిగిన అసలు ప్రశ్న, పోలీసుల మీద పోలీసులకేనా అని. మొదట అవును, స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ అడగాలి, తీసుకోకపోతే బీఎన్ఎస్ఎస్ 173(4) కింద ఎస్పీకి పోస్ట్‌లో పంపాలి, ఆ మెట్లు ఎక్కినట్టు రసీదులు ఉంటేనే 175(3) కింద మేజిస్ట్రేట్ దగ్గరికి అఫిడవిట్‌తో వెళ్ళగలం. నేరం ఒప్పించడానికి కొట్టడం, ఐపీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్‌లో సెక్షన్ 120, ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది, ఎముక విరిగితే పదేళ్ళ దాకా. కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంట్ లేకుండా అరెస్ట్ చేయగల నేరం చెప్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసు చెప్పింది కానీ పోలీసుల మీదైతే ఒక్కటీ తేలిగ్గా కదలదు. కొత్త చట్టం 175(4)లో ప్రభుత్వోద్యోగి మీద డ్యూటీలో చేసిన పని గురించి కంప్లైంట్ అయితే మేజిస్ట్రేట్ మొదట పైఅధికారి రిపోర్ట్ తెప్పించుకోవాలి, ఆ ఉద్యోగి వాదన వినాలి అని పెట్టారు. అంటే ఇంకో మెట్టు. తర్వాత ఆ ఉద్యోగి మీద కోర్టులో కేసు నడపడానికి 218 కింద ప్రభుత్వ అనుమతి. లాకప్‌లో కొట్టడం డ్యూటీ ఎలా అవుతుందని కోర్టులు చాలాసార్లు అన్నాయి, కానీ 2020లో దేవరాజ కేసులో సుప్రీంకోర్టు డ్యూటీతో సంబంధం ఉన్న పనిలో హద్దు మీరినా అనుమతి కావాలంది, ప్రతి డిఫెన్స్ లాయర్ అదే పట్టుకొస్తాడు. ఒక మంచి మార్పు ఏంటంటే ప్రభుత్వం 120 రోజుల్లో ఏదీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే అని ఇప్పుడు రాశారు.

బయటి సంస్థ ఉండాలని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రిటైర్డ్ జడ్జిలతో రాష్ట్రానికొకటి, జిల్లాకొకటి పోలీస్ కంప్లైంట్స్ అథారిటీ. జీవోలు చాలా రాష్ట్రాల్లో వచ్చాయి, జీవో రావడం వేరు, నువ్వు జిల్లా కేంద్రానికి వెళ్తే తలుపు తెరిచి కాగితం తీసుకునే మనిషి ఉండటం వేరు. మీ జిల్లాలో పనిచేస్తోందో లేదో కనుక్కో, ఉంటే అక్కడా ఒకటి ఇవ్వు. మానవ హక్కుల కమిషన్‌కి ఘటన జరిగిన ఏడాదిలోపు రాయాలి, ఫీజు లేదు, ఆన్‌లైన్‌లో కూడా పెట్టొచ్చు. రాష్ట్ర కమిషన్ ముందున్న దాన్ని జాతీయ కమిషన్ తీసుకోదు, కాబట్టి రెండింటికీ పంపొద్దు, ఒకటే ఎంచుకో. వాళ్ళు సిఫారసు చేస్తారు తప్ప శిక్ష వేయలేరు, కానీ రిపోర్ట్ తెప్పిస్తారు, ఆ రిపోర్ట్ మనకి కోర్టులో పనికొస్తుంది.

మీ నాన్నగారి భయం నిజమైన భయం, ఆయన్ని కసురుకోకు. కూర్చోబెట్టి ఎమ్మెల్సీ ఎందుకో చెప్పు. ఇవాళ హాస్పిటల్‌కి వెళ్ళినంత మాత్రాన రేపు కేసు వేయాల్సిందే అని లేదు. కాగితాలుంటే ఆరు నెలల తర్వాత అయినా నిర్ణయం తీసుకోవచ్చు. కాగితాలు లేకపోతే నిర్ణయించుకోవడానికి ఏమీ మిగలదు.

పాతరైటర్

ఒకటి మర్చిపోయాను. అబ్బాయి చేత జరిగింది మొత్తం వాడి సొంత మాటల్లో, సొంత చేత్తో రాయించండి, మీరు చెప్పి రాయించొద్దు. ఏ గది, గోడ ఏ రంగు, ఫ్యాన్ ఉందా, ఎవరు ఏమన్నారు, భోజనం ఎవరు తెచ్చారు. ఇప్పుడు చిన్నవిగా అనిపిస్తాయి. రెండేళ్ళ తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో, స్టేషన్‌కే రాలేదంటున్నారు కదా, మరి లోపలి గది ఎలా ఉంటుందో చెప్పు అని అడుగుతారు.

చెరువుగట్టు

అందరికీ చేతులెత్తి దండం. శనివారం రాత్రి పదకొండున్నరకి వెళ్ళాం. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసే, వాడు చెప్తుంటే పెన్ను ఆపి ఒక నిమిషం పాదాల వైపే చూసింది, తర్వాత మాట మార్చకుండా వాడు చెప్పింది చెప్పినట్టు రాసింది. ఎడమ కాలి మడమ దగ్గర చిన్న పగులు ఉందంట ఎక్స్‌రేలో. ఎమ్మెల్సీ నంబర్ రాసిచ్చారు.

నల్లకోటు అన్నయ్య అన్నట్టే ఆదివారం పొద్దున ఫోన్ వచ్చింది, ఎందుకమ్మా హాస్పిటల్‌కి వెళ్ళారు, మాకు చెప్తే మేమే చూపించేవాళ్ళం కదా అని. నేను ఏం మాట్లాడలేదు, ఏదైనా ఉంటే నోటీసు పంపండి అన్నా, కట్ చేశారు. చేతులు వణికాయి. సోమవారం మూడు ఉత్తరాలు రిజిస్టర్డ్ పోస్ట్ చేశాను, స్టేషన్‌కి, ఎస్పీకి, కలెక్టర్‌కి. కౌంటర్‌లో అమ్మాయి అడ్రస్ చదివి నా మొహం చూసింది, ఏమీ అనలేదు, రసీదులు జాగ్రత్తగా దాచుకోండి మేడమ్ అంది. 15100కి చేస్తే గురువారం రమ్మన్నారు.

పాతరైటర్ బాబాయ్, మీరు చెప్పినట్టు తమ్ముడికి నోట్‌బుక్ ఇచ్చాను. మొదటి రోజు నాలుగు లైన్లు రాసి మూసేశాడు. నిన్న రాత్రి మళ్ళీ తీసి పదకొండు పేజీలు రాశాడు. గోడ కింద సగం నీలం, పై సగం తెలుపు అంట, కిటికీకి ఒక రెక్క లేదంట. నాన్న పక్కన కూర్చుని చదివారు. చదివాక ఏమీ అనలేదు, లేచి బీరువాలో ఉన్న ప్లాస్టిక్ ఫైల్ తీసి, ఎమ్మెల్సీ కాగితం, రసీదులు, ఆ నోట్‌బుక్ అన్నీ అందులో పెట్టి, గురువారం నేనూ వస్తా అన్నారు.